కార్ మీట్‌లో డీటెయిలింగ్ చేయాలంటే ట్యాంకు పక్కన పెట్టు, టవళ్లు పెంచుకో

తమ్ముడూ, ముందు నువ్వు అడిగింది ఇంకోసారి చెప్పుకుందాం, చదివేవాళ్లకూ అర్థమవుతుంది. హన్మకొండలో ఒక వాషింగ్ సెంటర్‌లో పని నేర్చుకున్నావు, పాత ఈకో వ్యాన్ ఉంది. దాంట్లో 500 లీటర్ల ట్యాంకు, జనరేటర్, ప్రెషర్ వాషర్ బిగించి ఆదివారాలు కార్ల పిచ్చి ఉన్నవాళ్లు బండ్లు తెచ్చి కలుసుకునే కార్ మీట్‌లకు వెళ్లి అక్కడే డీటెయిలింగ్, అంటే బండ్లు కడిగి, పాలిష్, సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద వేసే గట్టి రక్షణ పొర) కూడా చేస్తే గిట్టుబాటు అవుతుందా, ఎంత తీసుకోవాలి అన్నావు.

గిట్టుబాటు అవుతుంది, కానీ నువ్వు అనుకున్న దారిలో అవదు. మీట్‌లో ఆ పూట చేతికొచ్చేది చిన్న మొత్తం. ఆ పూట నీ పని దగ్గరుండి చూసినవాళ్లు తర్వాత ఇంటికి పిలిపించుకుంటారు చూడు, అసలు సంపాదన అక్కడుంది. ఇది మనసులో పెట్టుకుంటే ఏం తీసుకెళ్లాలి, ఏం ముట్టుకోకూడదు, ఎవరికి చేయనని చెప్పాలి అన్నవి చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

ట్యాంకు సంగతి. 500 లీటర్లంటే నీళ్లే 500 కిలోలు. దానిమీద ట్యాంకు, జనరేటర్, వాషర్, నువ్వు, హెల్పర్. ఈకో లాంటి చిన్న వ్యాన్ మోసే బరువు దాదాపు అక్కడికే అయిపోతుంది, పైగా బ్రేక్ వేసినప్పుడల్లా నీళ్లు ముందుకు తోస్తాయి. అక్కడికి చేరాక జనరేటర్ మోత ఒకటి. మీట్‌కు వచ్చేవాళ్లు ఇంజిన్ల శబ్దం వినడానికి, నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి వస్తారు, వాళ్ల పక్కన జనరేటర్ పెడితే రెండోసారి ఎవడూ రమ్మనడు. నేల మొరం అయితే పది నిమిషాల్లో బురద, ఆ బురద పక్కవాడి బంపర్ మీద పడితే గొడవ. పోనీ ఇవన్నీ సర్దుకున్నా, అక్కడికొచ్చే బండికి ఫుల్ వాష్ అవసరమే లేదు.

ఎందుకంటే మీట్‌కు వచ్చే కారు ముందు రోజు రాత్రే కడిగి ఉంటుంది. ఓనర్ పొద్దున ఐదింటికి బయల్దేరి ములుగు రోడ్డు మీదుగా రామప్ప వైపు అరవై, డెబ్భై కిలోమీటర్లు నడుపుకుంటూ వస్తాడు. దిగేసరికి ముందు అద్దం నిండా పురుగులు, మంచుకు తడిసిన బానెట్ మీద సన్నటి దుమ్ము, టైర్లు బూడిద రంగు. ఇంకో అరగంటలో అందరూ ఫొటోలు దిగుతారు. ఆ అరగంటలో వాడికి కావాల్సింది పురుగులు పోవాలి, దుమ్ము పోవాలి, అద్దాలు మెరవాలి, టైర్ నల్లగా కనిపించాలి. పదిహేను, ఇరవై నిమిషాల పని. నువ్వు అమ్మాల్సింది అదే.

దానికి రిన్స్‌లెస్ వాష్ నేర్చుకో. మళ్లీ నీళ్లు కొట్టి కడగాల్సిన అవసరం లేని షాంపూ ఇది. అందులో ఉండే పాలిమర్లు దుమ్ము రేణువును చుట్టుకుని పెయింట్ మీద జారేలా చేస్తాయి. పేరున్న వాటిలో చాలావరకు ఒక పాలుకు 256 పాళ్ల నీళ్లు, అంటే ఏడున్నర లీటర్ల బకెట్‌కు 30 మిల్లీలీటర్ల లోపు. ఏ సీసా కొంటే ఆ సీసా మీది కొలతే పాటించు, ఎక్కువ పోస్తే మరకలు మిగులుతాయి. ఇలా చేస్తే ఒక్క కారుకు ఐదారు లీటర్ల నీళ్లు చాలు.

ఇక అసలు జాగ్రత్త దుమ్ము దగ్గర. మన వైపు దుమ్ము అంతా ఒకటి కాదు. వడ్ల కోతల సీజన్‌లో రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, ఆ ఊకదుమ్ము తేలిక, తడిపితే వచ్చేస్తుంది. భూపాలపల్లి, గోదావరిఖని నుంచి వచ్చే బండ్ల డోర్ సందుల్లో బొగ్గు పొడి ఉంటుంది, డోర్ తీసి ఆ సందులు తుడిచిన టవల్‌ను మళ్లీ బయట పెయింట్ మీద వాడొద్దు. అన్నింటికంటే ప్రమాదం కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీలు, క్రషర్ల దగ్గర నుంచి వచ్చే రాతి పొడి. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది, మోస్ కాఠిన్య కొలతలో అది 7, మామూలు ఇనుము, గాజు కంటే గట్టిది. కారు రంగు మీద ఉండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్ మందం 40, 50 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే పలుచన. ఆ పొడిని పొడి గుడ్డతో ఒక్కసారి తుడిచినా చాలు, ఎండలో చూస్తే సాలెగూడులా గీతలు కనిపిస్తాయి. నల్ల కారైతే ఇక చెప్పక్కర్లేదు. అందుకే వేలితో ముట్టుకుని చూడొద్దు, ఏటవాలుగా టార్చ్ కొట్టి పక్కనుంచి చూడు, గరుకుగా మందంగా పొర కనిపిస్తే "అన్నా, దీనికి ఇక్కడ తుడిస్తే గీతలు పడతాయి, ఇంటికొచ్చి మంచిగా కడిగి చేస్తా" అని చెప్పేయ్. బురద గడ్డలు కట్టిన జీపులకూ అదే మాట. ఆ మాట విన్నవాడు నీ నంబర్ రాసుకుంటాడు.

సన్నటి దుమ్ముకైతే ముందు నానబెట్టాలి. దీనికి ఖరీదైన ఫోమ్ మెషిన్ అక్కర్లేదు. పొలంలో మందు కొట్టే బ్యాటరీ పంపు ఉంటుంది కదా, 16 లీటర్లది, భుజానికి తగిలించుకునేది, అది కొత్తది ఒకటి కొను. కొత్తదే కొనాలి, గడ్డి మందు కొట్టిన పాత పంపు ఎంత కడిగినా మనకు పనికిరాదు. పొగమంచులా పడే నాజిల్ పెట్టి రిన్స్‌లెస్ నీళ్లు పై నుంచి కిందికి కొట్టు, రెండు మూడు నిమిషాలు ఆగు. శబ్దం లేదు, కరెంటు అక్కర్లేదు, నేల మీద బురద అవదు. ఇంజిన్ గ్రిల్ దగ్గర అంటిన పురుగుల మీద తడి గుడ్డ పరిచి ఐదు నిమిషాలు వదిలేయ్, గీకొద్దు. పురుగుల రసం ఆమ్లం, ఎండకు వదిలేస్తే క్లియర్ కోట్‌ను తింటుంది, కాబట్టి మీట్‌లో నువ్వు చేసే పనుల్లో నిజంగా కారుకు మేలు చేసేది ఇదే.

తుడిచేటప్పుడు చూడు. 40 సెంటీమీటర్ల చదరపు మైక్రోఫైబర్ టవల్, 350 నుంచి 400 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు), రెండుసార్లు మడిస్తే ఎనిమిది ముఖాలు వస్తాయి. బకెట్‌లో ముంచి, తేలిగ్గా పిండి, బానెట్ మీద నీ వైపు నుంచి అవతలికి ఒకే గీతగా పోనివ్వు, వత్తకుండా, టవల్ బరువే సరిపోవాలి. ఆ గీత చివర టవల్ కొద్దిగా ఎత్తి తిప్పు, ఆ ముఖం అయిపోయింది. రెండో గీతకు రెండో ముఖం. గుండ్రంగా తిప్పడం పూర్తిగా మర్చిపో. ఎనిమిది ముఖాలూ అయిపోతే ఆ టవల్ మురికి బకెట్‌లోకి, మళ్లీ మంచి బకెట్‌లో ముంచొద్దు. వెనకాలే పొడి టవల్‌తో అద్దుతూ రా. కింద డోర్ల సగం నుంచి దిగువకు వేరే టవల్, చక్రాలకు వేరే రంగు టవల్. ఈ లెక్కన ఒక కారుకు ఆరేడు టవళ్లు, పది కార్లంటే అరవై డెబ్భై. నువ్వు ట్యాంకు మీద పెట్టే డబ్బు వీటి మీద పెట్టు. నేల మీద పడ్డ టవల్‌ను దులిపి వాడటం ఎవరైనా చూశారో, ఆ రోజుకు నీ పని అయిపోయినట్టే, కార్ల పిచ్చి ఉన్నవాళ్లు అవన్నీ గమనిస్తారు. రాత్రికి టవళ్లన్నీ గోరువెచ్చని నీళ్లలో లిక్విడ్ డిటర్జెంట్‌తో ఉతుకు, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయొద్దు, అది వేస్తే పోగులు మూసుకుపోయి నీళ్లు పీల్చవు. ఇంటి బట్టలతో కలిపి ఉతికితే దూది పోగులు అంటుకుంటాయి.

నీళ్లు ఎక్కడివి అన్నది ఇంకో ముఖ్యమైన విషయం. మన బోరు నీళ్లలో చాలాచోట్ల కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. వంటింట్లో గిన్నెల అడుగున తెల్లగా పేరుకునేదే కారు మీద చుక్కలుగా మిగులుతుంది, ఎండకు ఆరితే అద్దం మీద మామూలు షాంపూతో కూడా పోదు. రెండు మూడు వందల రూపాయల్లో నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో చూపే టీడీఎస్ మీటర్ దొరుకుతుంది, కొని దగ్గర పెట్టుకో, 50 లోపు చూపిస్తే నిశ్చింత. ఊరూరా ఉన్న వాటర్ ప్లాంట్ల నుంచి 20 లీటర్ల క్యాన్లు నాలుగైదు నింపుకుంటే ఒక పొద్దుకు సరిపోతాయి.

ఎండ కూడా చూసుకో. మార్చి దాటాక పొద్దున ఎనిమిదిన్నరకే బానెట్ మీద చెయ్యి పెట్టలేం. చేతి వెనక భాగం ఐదు సెకన్లు ఆనించగలిగితే పని చేయొచ్చు, లేకపోతే నీడకు మార్పించు. దూరం నుంచి వచ్చిన బండికి ఎండ లేకున్నా ఇంజిన్ వేడి బానెట్‌లో ఉంటుంది, కాబట్టి మొదట వెనక భాగం, డోర్లు చేసి బానెట్ చివరికి పెట్టుకో. చక్రాలకు ఇంకా ఆగాలి. వేడి బ్రేక్ డిస్క్ మీద చల్లని నీళ్లు పడితే డిస్క్ వంగే ప్రమాదం ఉంది, రిమ్‌కు అంటిన ఇనుప పొడిని కరిగించే ఐరన్ రిమూవర్ వేడి రిమ్ మీద ఆరిపోతే మరక పడుతుంది. ఇరవై నిమిషాలు ఆగితే ఏం పోదు. టైర్‌ను నల్లగా చేసే టైర్ డ్రెస్సింగ్ నీటి ఆధారితదే తీసుకో. జిడ్డుగా మెరిసే సిలికాన్ రకం తిరుగు ప్రయాణంలో విసిరి డోర్ల మీద పడుతుంది, నల్ల చుక్కలు చూసి ఓనర్ నీకే ఫోన్ చేస్తాడు. నీడ కోసం చెట్టు కింద పెడితే పిట్టల రెట్టలు, బంక, కాబట్టి పది అడుగుల టెంట్ ఒకటి ఉంచుకో.

పాత బండ్లు వచ్చినప్పుడు చెయ్యి ఆపుకో. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మొదటి తరం మారుతి 800, యమహా ఆర్ఎక్స్ 100 బైక్. వీటిలో చాలావాటికి పాత రకం సింగిల్ స్టేజ్ పెయింట్, పైన క్లియర్ కోట్ ఉండదు. తుడిస్తే టవల్‌కు కారు రంగే అంటుతుంది. ఓనర్‌కు ముందే చెప్పకుండా నువ్వు ఎర్ర టవల్ చేత్తో నిలబడితే పెద్ద గొడవ అవుతుంది. అసలు రంగా, తిరిగి వేయించిందా అని అడుగు. అసలు రంగు అంటే ఇక క్లే బార్ (పెయింట్‌కు అంటుకున్న మురికిని లాగే మెత్తటి ముద్ద), పాలిష్ మాటే ఎత్తొద్దు, తేలిగ్గా దుమ్ము తీసి వదిలేయ్. రబ్బర్ బీడింగులు ఎండిపోయి ఉంటాయి, నీళ్లు లోపలికి పోతాయి. బానెట్ తీసి కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్ దగ్గర తడి గుడ్డ పెట్టడం అసలు వద్దు, తిరిగి స్టార్ట్ కాకపోతే ఆ నింద నీదే. ఆర్ఎక్స్ 100 కంపెనీ ఉత్పత్తి 1996లో ఆగిపోయింది. ట్యాంక్ మీద అప్పటి అసలు స్టిక్కర్ ఉంటే ఓనర్ దాన్ని ఎంత విలువగా చూసుకుంటాడో ఆలోచించు, దాని అంచు దగ్గరకు టవల్ పోనివ్వొద్దు. కొత్త బండ్లలో మ్యాట్ (మెరుపు లేని) పెయింట్, మ్యాట్ ర్యాప్ (పెయింట్ మీద అంటించే ఫిల్మ్) ఉన్నవాటికి వ్యాక్స్, మెరుపు స్ప్రేలు వాడకూడదు, మ్యాట్ మీద మెరిసే మచ్చలు పడతాయి.

అలాగే బొట్టు. దసరాకు వాహన పూజ అయ్యాక, మేడారం జాతర నుంచి వచ్చాక బండ్ల మీద పసుపు, కుంకుమ, దండ ఉంటాయి. మురికి కదా అని తుడిచేయకు, ప్రతిసారీ ఓనర్‌ను అడుగు. కొందరు దానంతట అదే పోయేదాకా ఉంచుతారు, ఇంటి పెద్దవాళ్లు పెట్టిందైతే ఇంకా పట్టింపు. తీయమన్నా తెల్ల కారు మీద పసుపు ఛాయ మిగిలితే పాలిష్‌తో రుద్దొద్దు, పసుపులోని కర్క్యుమిన్ ఎండకు వెలిసిపోతుంది, కొన్ని రోజులు ఎండలో తిరిగితే దానంతట అదే తగ్గుతుంది. బజారు కుంకుమలో మాత్రం రంగులు కలుస్తాయి, అది తడితో పారితే చుట్టూ ఎర్రబడుతుంది, కాబట్టి ముందు పొడిగా మెత్తటి బ్రష్‌తో దులిపి తర్వాతే తడి గుడ్డ.

పాలిష్, సిరామిక్ కోటింగ్ అక్కడే చేయొచ్చా అన్నావు. వద్దు, ఎంత ఇస్తానన్నా వద్దు. పాలిష్ అంటే క్లియర్ కోట్‌ను కొంచెం కొంచెం కోసేయడం. ముందు గేజ్‌తో పెయింట్ మందం కొలవాలి, కడగాలి, క్లే చేయాలి, లైట్ కింద చూడాలి, ఇవన్నీ గాలికి దుమ్ము లేచే చోట అయ్యేవి కావు. కోటింగ్ వేశాక 12 నుంచి 24 గంటలు దుమ్ము, నీళ్లు, మంచు తగలకూడదు, పూర్తిగా గట్టిపడటానికి వారం పడుతుంది. మీట్‌లో వేయించుకున్నవాడు గంటలో హైవే ఎక్కుతాడు. అలా చేసి ఇచ్చే కోటింగ్‌ను నేను మోసం కిందే లెక్కేస్తాను.

దానికి బదులు ఇది చెయ్. పాత ఇనుప సామాన్ల దుకాణంలో నల్ల బానెట్ ఒకటి కొను, గీతలు ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది. మధ్యలో మాస్కింగ్ టేప్ వేసి ఒక సగం బ్యాటరీ డీఏ పాలిషర్‌తో (ప్యాడ్ తిరుగుతూ ఊగే పాలిష్ మెషిన్) చేసి, టేప్ తీసేసి స్టాండ్ మీద పెట్టు. పక్కన టార్చ్ వేలాడదీయ్. వచ్చినవాళ్లే టార్చ్ కొట్టుకుని చూస్తారు, ఒక వైపు సాలెగూళ్లు, ఇంకో వైపు బల్బ్ ప్రతిబింబం ఒక్కటే. అప్పుడు వాళ్లే అడుగుతారు ఇది నా కారుకు ఎంతవుతుందని. అక్కడ ధర చెప్పకు, కారు చూసి, మందం కొలిచి చెప్తానని ఇంటికి టైమ్ తీసుకో. అడిగినవాళ్లకు టవల్ మడత, రెండు బకెట్ల పద్ధతి నేర్పించు, దాచుకోకు. నేర్చుకున్నవాడు వారం వారం తనే కడుక్కుంటాడు, నిజమే, కానీ పెద్ద పనికి నమ్మి పిలిచేది నిన్నే.

మనుషుల దగ్గర ఎలా ఉండాలో కూడా చెప్తా. అడగకుండా ఏ కారునూ ముట్టుకోవద్దు, ఆనుకోవద్దు, ఫ్రీగా చేస్తానన్నా సరే. బెల్ట్ బకిల్, వాచ్, ఉంగరం, మొలతాడుకు తాళాలు, మెడలో ఐడీ కార్డ్, చొక్కా జిప్, ఇవేవీ ఉండకూడదు. హెల్పర్ ఉంటే వాడికీ ఇదే రూల్. పని మొదలుపెట్టే ముందు ఓనర్‌తో కలిసి కారు చుట్టూ తిరిగి ఫోన్‌లో వీడియో తీయ్, ఉన్న గీతలు, సొట్టలు నోటితో చెప్తూ. ఆ వీడియో అక్కడికక్కడే వాళ్ల వాట్సాప్‌కు పంపేయ్. ఇందులో మొహమాటం అక్కర్లేదు, మంచి ఓనర్ దీన్ని చూసి ఇంకా నమ్ముతాడు.

స్థలం విషయంలో ఆర్గనైజర్‌ను వారం ముందే అడుగు, ఆ స్థలం ఎవరిదో వాళ్లనూ అడుగు. హోటల్ పార్కింగ్ అయితే హోటల్ ఓనర్‌ను. ఖిలా వరంగల్, రామప్ప లాంటి పురావస్తు శాఖ రక్షిత కట్టడాల లోపల లైసెన్స్ లేకుండా ఏ వ్యాపారమూ చేయకూడదు, బోర్డ్ పెట్టడం కూడా కుదరదు. లక్నవరం, పాకాల లాంటి చెరువుల దగ్గర మురికి బకెట్ కట్ట మీద గుమ్మరించొద్దు, క్యాన్‌లో పోసుకుని వెనక్కి తెచ్చుకో. టిఫిన్లు తినేవాళ్ల వైపు గాలి వీస్తుంటే స్ప్రే కొట్టొద్దు.

రేటు: నేనైతే ఈ చిన్న పనికి హ్యాచ్‌బ్యాక్ 300, సెడాన్ 400, పెద్ద ఎస్‌యూవీ 500 పెడతాను, తెలుగులో పెద్ద బోర్డ్ మీద రాసి, పక్కనే క్యూఆర్ కోడ్. బేరం లేదు, తెలిసినవాడని తగ్గింపూ లేదు, ఒకడికి తగ్గించావని పది నిమిషాల్లో అందరికీ తెలుస్తుంది. పొద్దుకు ఎనిమిది, పది బండ్లకు మించి తీసుకోకు, తొందరలో చేసిన ఒక్క కారు చాలు పేరు పోవడానికి. ఇలా మొదలుపెట్టడానికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) చేసుకో, దానికి ఫీజు లేదు. సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ అవసరం రాదు. పని పెరిగాక పబ్లిక్ లయబిలిటీ పాలసీ (నీ పని వల్ల ఇతరులకు నష్టం జరిగితే ఆదుకునే బీమా) గురించి ఒక ఏజెంట్‌తో మాట్లాడు.

ఇక మీట్ అయ్యాక చేసే పనిని తేలిగ్గా తీసుకోకు. ప్రతి కారుకూ ఒక పేజీ రాసుకో: ఓనర్ పేరు, బండి, రంగు, పెయింట్ అసలుదా కాదా, ఏ దుమ్ములో తిరుగుతుంది, ఏం అడిగాడు. సోమవారం ఫోన్లు చేయకు, అందరూ ఆఫీసుల్లో ఉంటారు, బుధవారం సాయంత్రం ఒక మెసేజ్ పెట్టు, "అన్నా, ఆ రోజు మీ కారు కుడి వెనక డోర్ మీద నీటి మచ్చలు చూశాను, ఇంకో వర్షాకాలం గడిస్తే గట్టిపడతాయి, టైమ్ ఉన్నప్పుడు చెప్పండి, ఇంటికొచ్చి తీస్తా" అని. హన్మకొండ, కాజీపేట అపార్ట్‌మెంట్లలో చాలావాటిలో సెల్లార్‌లో పైపు పెట్టి కడగనివ్వరు. నువ్వు రెండు బకెట్లు, పంపుతో వస్తానంటే అసోసియేషన్ వాళ్లకూ అభ్యంతరం ఉండదు, నీడ ఉంటుంది, గాలి ఉండదు, పాలిషర్‌కు ఓనర్ ఇంటి కరెంటు దొరుకుతుంది. వ్యాన్ ఎలాగూ ఉంది కాబట్టి లోపల ట్యాంకు బదులు టవళ్లకు మూత ఉన్న డబ్బాలు, క్యాన్లకు పట్టీలు, బానెట్ స్టాండ్‌కు చోటు చేయించు. బిగించే ముందు కొలతలు వేసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తా.